తూర్పు గట్టు

ఆ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫైలు తెరిస్తే తెర మధ్యలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. చుట్టూ ఏమీ ఉండదు. కింద నేల, పైన ఆకాశం, మధ్యలో అతను. మనం కట్టే గోడ ఎంత ఎత్తుందో మనిషితో పోల్చి చూసుకోవడానికి అతన్ని అక్కడ పెడతారట. జనగామలో ఇళ్ళకు నక్షలు గీసే ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కు చేరిన రోజు, నా పక్క కుర్చీలో కూర్చునే డ్రాఫ్ట్స్‌మన్ అన్న నాకు నేర్పిన మొదటి పని అతన్ని తీసేయడం.

"ముందుగాల వాణ్ణి పీకెయ్యి చెల్లె. లేకుంటె పొద్దంత నీ మొఖమే సూస్తడు."

అన్న మౌస్‌తో దృశ్యాన్ని చుట్టూ తిప్పి చూపించాడు. నిజమే, ఎటు తిప్పినా ఆ మనిషి మన వైపే తిరుగుతున్నాడు. అది మందం లేని అట్టబొమ్మ. పక్క నుంచి చూస్తే సన్నటి గీతలా కనిపించాలి. అలా కనిపించకుండా, ఎప్పుడూ చూసేవాళ్ళకు ఎదురుగా ఉండేటట్టు దాన్ని తయారుచేశారు.

ఆ తరువాత గీతలు చూపించాడు. తెర మీద మూడు రంగుల గీతలు ఒకచోట కలుస్తాయి. ఎర్రది అడ్డంగా, ఆకుపచ్చది ముందుకు, నీలిది పైకి.

"పచ్చది పోయే దిక్కు ఉత్తరం. మనం ఏం చెప్పకుంటె అది గట్లనే అనుకుంటది. యాదివెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. కానీ ఆ మాటలో సగమే గుర్తుపెట్టుకున్నానని చాలా రోజుల తరువాత గాని తెలియలేదు.

నాతో చదివినవాళ్ళు హైదరాబాదులోనో బెంగళూరులోనో పెద్ద ఆఫీసుల్లో చేరారు. నేను జనగామ ఎంచుకున్నాను. అమ్మ పాలకుర్తి దగ్గర ఊళ్ళో ఒంటరిగా ఉంది. శనివారం సాయంత్రం బయలుదేరితే చీకటి పడేలోపు ఇంటికి చేరగలిగేంత దూరంలో ఉండాలనుకున్నాను. ఆఫీసు ఒక బట్టల దుకాణం పైన ఉండేది. సార్, డ్రాఫ్ట్స్‌మన్ అన్న, నేను. సార్ ఎక్కువగా సైట్ల మీద ఉండేవారు. అన్నకు ఇల్లు దగ్గరే, మధ్యాహ్నం అన్నానికి వెళ్ళిపోయేవాడు. ఆ గంటసేపు కింద దుకాణంలో బట్టలు విప్పి పరిచే చప్పుడు వింటూ నేను ఒక్కదాన్నే డబ్బా తెరుచుకుని తినేదాన్ని. సాయంత్రం అద్దెగదికి వెళ్ళి ఏదో ఒక పుస్తకం చదువుకునేదాన్ని. కొన్ని రోజులు ఆఫీసులో అన్నతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. అది నాకు కష్టంగా లేదని అప్పుడు అనుకునేదాన్ని.

నేను పుట్టి పెరిగింది భూపాలపల్లిలో, బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో. బాపు బావిలో పనిచేసేవాడు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, అమ్మను తీసుకుని తన సొంతూరికి వచ్చాడు. తాత భూమి కొంచెం ఉంది. అందులో పత్తి వేశాడు. రెండు పంటలు తీశాడు. చలికాలం చివర్లో ఒక ఉదయం ఛాతీలో నొప్పి అన్నాడు. దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే పోయాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది.

మాలో పూడ్చిపెడతారు. బాపును మా చేనులోనే, రోడ్డు పక్క మూలలో పూడ్చిపెట్టారు. ఆ పక్కను ఇంట్లో అందరూ తూర్పు గట్టు అంటారు. సెలవులకు వచ్చిపోయిన నాకు ఆ చేనులో తెలిసిన పేర్లు రెండే: తూర్పు గట్టు, బావి ఉన్న పక్క బాయి గట్టు.

దినాల రోజు ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో బాపు నల్లకోటు తొడుక్కుని, టై కట్టుకుని, ఎర్రటి పరదా ముందు కూర్చున్నాడు. ఆధార్ కోసం తీయించుకున్న ఫోటోలోని ముఖాన్ని స్టూడియోవాళ్ళు కోసి ఎవరిదో ఒంటికి అతికించారు. బాపు ఏనాడూ కోటు తొడగలేదు. ఫోటో కింద నాలుగు పాదాల కవిత ఉంది. మరెక్కడో మరెవరి ఫ్లెక్సీ మీదో చదివిన కవితే అది. వచ్చినవాళ్ళు బాగుందన్నారు. నేను చాలా చదివినదాన్ని, మాటల మీద నమ్మకం ఉన్నదాన్ని. ఆ రోజు నుంచి అందంగా ఉన్న ఏ వాక్యం చూసినా దాని వెనక ఆ కోటు కనిపించేది.

వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారం బాపు తమ్ముడు, అంటే మా చిన్నబాపు, ఇంటికొచ్చాడు. సంవత్సరీకం లోపల సమాధి కట్టాలన్నాడు.

"బిడ్డా, ఊరందరి ఇండ్లకు నక్షలు గీస్తున్నవు. మీ బాపుకు ఒకటి గీయలేవా?"

"గీస్త చిన్నబాపు."

"పక్క శేన్ల సూసినవా? అటొక సింహం, ఇటొక సింహం. మీద గోపురం. నల్లరాయి మీద ఫోటో చెక్కిచ్చిన్రు. మా అన్నేమన్న తక్కువోడా?"

అమ్మ చాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టింది. "ఆయనకు సింహాలెందుకు? బర్రె ఎదురొస్తెనే గట్టు దిగి నిలవడెటోడు."

చిన్నబాపు నవ్వాపుకోలేకపోయాడు. "మరేం గావాలె వదినె?"

"జర నీడ ఉంటె సాలు. పత్తి ఏరెటప్పుడు పగటి బువ్వ తిననీకె ఆ మూలకు ఒక్క చెట్టు లేదు. ఆడ కూసొని తింట."

పోయిన చలికాలం చివరి ఏరుడు నుంచీ అమ్మ మధ్యాహ్నం సద్దిడబ్బా తీసుకుని బాపు దగ్గరికే వెళ్ళి తింటోందని కూలికి వచ్చే అక్కలు చెప్పారు. నెత్తి మీద తువ్వాల కప్పుకుని, ఎండలోనే. అమ్మ నాతో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

చిన్నబాపు గ్లాసు కింద పెట్టాడు. "సరే. నువ్వు గీసినదే కడదాం. పత్తి రెండో ఏరుడు కల్ల నక్ష నా చేతిలుండాలె. లేకుంటె పాలకుర్తిల బొమ్మలు పోసెటాయనతోని మాట్లాడిన, ఆయనకే చెప్త."

అంటే నేను గీయకపోతే సింహాలు వస్తాయి. అమ్మకు నీడ రాదు.

జనగామకు తిరిగి వచ్చి కొత్త ఫైలు తెరిచాను. మనిషిని తీసేశాను. తరువాత ఏం చేయాలో తెలియలేదు. ఆ తరువాత కూడా చాలాసార్లు తెరిచాను. ప్రతిసారీ ఆ మనిషిని తీసేసి, ఖాళీ నేలను కొంతసేపు చూసి, సేవ్ చేయకుండా మూసేసేదాన్ని.

ఆఫీసు పని మాత్రం నేర్చుకుంటూ పోయాను. మోడలింగ్‌లో మొదట అందరూ చేసే తప్పే నేనూ చేశాను. గీసిన ప్రతి వస్తువునూ విడిగా ఒక గ్రూపుగా కట్టాలి. అలా కట్టకపోతే ఒకదాన్నొకటి తాకినవన్నీ అతుక్కుపోతాయి. ఒక ఇంటి గోడను కొంచెం జరపబోతే దాంతోపాటు మెట్లు సాగాయి, మెట్లతోపాటు కాంపౌండు గోడ సాగింది.

అన్న కుర్చీ వెనక్కి జరిపి చూశాడు. "సార్, జర ఇటు సూడుండ్రి. భూపాలపల్లి ఇంజనీరమ్మ కట్టిన ఇల్లు. నడుస్తున్నది."

సార్ తల ఎత్తకుండానే అన్నారు. "నడవనియ్. ఓనరు పైసలియ్యకుంటె మనమే తోలుకపోవచ్చు."

రెండోసారి గోడలను ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వచ్చాను. ఆ పని నాకు నచ్చింది. మనసులో ఏమున్నా చేయి అదే క్రమంలో పోతుంది. గీయడం, పైకి లాగడం, కట్టడం, పక్కన పెట్టడం.

అప్పుడే మహబూబాబాద్ నుంచి ఒక పని వచ్చింది. మిర్చి హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సేటు, చనిపోయిన తండ్రి పేరు మీద అక్కడి వైకుంఠధామంలో జనం కూర్చోవడానికి ఒక షెడ్డు కట్టించదలిచాడు. శ్మశానాలను ఇప్పుడు అలాగే పిలుస్తున్నారు. మోడల్ పని సార్ నాకిచ్చారు. నాకు బాపు పోయి ఏడాది కాలేదని ఆయనకు తెలుసు. అయినా ఇచ్చారు. అందుకు నేను బాధపడలేదు.

సేటుకు గోపురం కావాలి, తామరపూలు కావాలి, స్తంభాలకు లతలు కావాలి. ద్వారానికి సింహాలు కావాలి. ఆ సింహాలు నన్ను ఇక్కడ కూడా వదలలేదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సింహాన్ని ఒకదాన్ని దింపాను. జూలులో ఒక్కో వెంట్రుకనూ విడిగా చెక్కిన సింహం. దాన్ని ఫైలులో పెట్టగానే కంప్యూటరు ఆగిపోయింది. మౌస్ కదలదు, ఏదీ నొక్కనివ్వదు.

"ఏమైంది?" అన్నాడు అన్న.

"సింహం పెట్టిన."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"ఇంకొకటి పెడితె కరెంటు ఆఫీసోళ్ళకు ఫోన్ చెయ్యాలె."

చివరికి సింహాలను వదిలేసి, వాటి చోట దిమ్మెలు మాత్రం నిలబెట్టాం. షెడ్డులో జనం తిరుగుతున్నట్టు కనిపించాలని సార్ చెప్పారు గనక సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మనుషుల బొమ్మలను అక్కడక్కడ నిలబెట్టాను. షెడ్డు చుట్టూ నడిచి వచ్చినట్టుగా చిన్న వీడియో చేశాను. సార్‌తో కలిసి రైల్లో మహబూబాబాద్ వెళ్ళాను.

సేటు దుకాణంలో మిర్చి ఘాటుకు కళ్ళు మండాయి. గద్దె మీద కూర్చుని ఆయన ల్యాప్‌టాప్‌లో వీడియో చూశాడు. ఒకసారి చూసి, మళ్ళీ వేయమన్నాడు.

"షెడ్డు మంచిగున్నది. గీల్లెవరు?"

తెర మీద పొట్టి లాగు వేసుకున్న ఒక తెల్లామె కుక్కను పట్టుకుని నడుస్తోంది. ఇంకొకతను చేతిలో కాఫీ కప్పుతో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

సార్ ఏదో చెప్పబోయారు. సేటు ఆపలేదు. "మా నాయిన కొత్తగూడెం దాటి ఎన్నడు పోలే సార్. ఆయన కాడికి గీ ఫారినోళ్ళెట్ల వచ్చిన్రు? మల్ల కుక్కనొకటి పట్టుకొచ్చిన్రు."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను అక్కడికక్కడే వాళ్ళను తీసేశాను. షెడ్డు ఖాళీ అయింది. సేటు దాన్ని ఇంకా కొంతసేపు చూశాడు.

"గిప్పుడు మరీ బోసిగున్నది. మనోళ్ళను పెట్టరాదామ్మా?" అని, తెర వైపే చూస్తూ, "నాయినను తీసుకపోయిన రోజు మిట్టమధ్యాహ్నం. నిలవడనీకె జాగ లేకుండె. మా అమ్మను మిర్చి లారీ నీడకు కూసోబెట్టినం," అన్నాడు.

ఆ మాట చెప్పిన మనిషికే తామరపూలు కూడా కావాలి. రెండూ నిజమే. తిరుగు రైల్లో దాని గురించి ఆలోచించాను. ఏమీ తేలలేదు.

మనవాళ్ళను పెట్టడం ఎలాగో అన్న నేర్పించాడు. ఫోనులో తీసిన ఫోటో నుంచి మనిషి ఆకారం చుట్టూ కత్తిరించుకోవాలి. దాన్ని నిలువుగా నిలబెట్టి, ఎప్పుడూ చూసేవాళ్ళ వైపు తిరిగేటట్టు ఒక గుర్తు పెట్టాలి. అప్పుడు అది ఆ మొదటి మనిషిలాగే పనిచేస్తుంది. ప్రయత్నించి చూడటానికి నా ఫోనులో కూర్చున్న మనుషుల ఫోటోలు వెతికాను. ఒకటే దొరికింది. అమ్మ ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, ఫోటో తీస్తున్నానని తెలియక ఎటో చూస్తోంది. భుజాల దగ్గర, చీర కొంగు దగ్గర జాగ్రత్తగా కత్తిరించాను. సేటు షెడ్డులో అరుగు మీద కూర్చోబెట్టాను. సరిగ్గా కుదిరింది.

అన్న కుర్చీ జరుపుకుని చూశాడు. "ఎవరామె?"

"మా అమ్మ."

అన్న కుర్చీని మళ్ళీ తన తెర వైపు జరుపుకున్నాడు. నేను అమ్మను అక్కడ నుంచి తీసేశాను. వాళ్ళ శ్మశానంలో మా అమ్మ ఎందుకు ఉండాలి అనిపించింది. సేటుకు పంపిన ఫైలులో రైల్వే స్టేషన్ దగ్గర అడిగి ఫోటో తీసుకున్న ఇద్దరు ముసలాళ్ళను పెట్టాను. కత్తిరించిన అమ్మ బొమ్మ మాత్రం విడిగా ఒక ఫైలులో ఉండిపోయింది.

మరుసటి రోజు అన్న భోజనానికి వెళ్ళాక ఆ ఫైలు తెరిచాను. ఖాళీ నేల మీద అమ్మ, అంతే. కింద కూర్చోవడానికి ఏమీ లేకపోవడంతో గాలిలో కూర్చున్నట్టుంది. ముందు ఒక అరుగు గీసి అమ్మ కింద పెట్టాను. తరువాత బాపు ఉన్న చోట పొడుగాటి తక్కువెత్తు గద్దె. దాని నాలుగు మూలల నాలుగు స్తంభాలు, పైన చదునైన స్లాబు. అప్పటిదాకా అన్ని నెలలు గీయలేకపోయింది ఆ భోజనం గంటలో అయిపోయింది. సమాధి గీయాలనుకున్నప్పుడు చేయి కదలలేదు. అమ్మ కూర్చోవడానికి చోటు అనేసరికి కదిలింది.

సాఫ్ట్‌వేర్‌లో నీడలు చూపించే పనిముట్టు ఒకటి ఉంటుంది. ఊరు ఎక్కడో, ఏ నెలో, ఏ వేళో చెప్తే నీడ ఎటు పడుతుందో గీసి చూపిస్తుంది. పాలకుర్తి పెట్టాను. పత్తి ఏరే కాలం పెట్టాను. అమ్మ అన్నం తినే వేళ పెట్టాను. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి స్లాబు నీడ స్లాబు కింద కాక ఉత్తరంగా జరిగి పడుతోంది. అమ్మ ఎండలో ఉండిపోయింది. అరుగును ఉత్తరం వైపు జరుపుతూ పోయాను. ఒకచోట నీడ అమ్మ నెత్తి నుంచి పాదాల దాకా కప్పింది. అక్కడ ఆపాను. చుట్టూ తిప్పి చూశాను. అమ్మ నావైపే తిరుగుతూ ఉంది. ఫోటోలో ఎటో చూస్తున్న అమ్మ.

నక్షను చిన్నబాపు ఫోనుకు పంపాను. కాసేపటికి ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఇది బస్టాండు లెక్కున్నది."

"అమ్మకు నీడ పడేటట్టు గీసిన చిన్నబాపు."

"నీడ సరే. జర మీదన్న ఏదన్న పెట్టు. కలశం లెక్క."

"వద్దు."

"మొండితనంల మీ బాపువే. సరే, మేస్త్రిని పిలుస్త. ఆదివారం గుంటలు తీస్తడు. నువ్వు రా."

ఆదివారం వెళ్ళేసరికి మేస్త్రి ముగ్గుతో గుర్తులు పెట్టి రెండు గుంటలు తీశాడు. పత్తి రెండో ఏరుడు జరుగుతోంది. అరుగు వచ్చే చోటు కూడా ముగ్గుతో గీసి ఉంది. అన్నీ నా నక్షలో ఉన్నట్టే ఉన్నాయి. గట్టుకు, గద్దెకు, స్తంభాలకు వరసలు కుదిరాయి. చిన్నబాపుకు ఆ వరస నచ్చింది. "సూటిగున్నది" అన్నాడు.

మధ్యాహ్నం అమ్మ డబ్బా తీసుకుని వచ్చింది. ఏం చెప్పకుండానే వెళ్ళి ముగ్గు గీసిన చోట, అరుగు రాబోయే చోటే, కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చుంది. మేస్త్రి గడ్డపారను గుంట పక్కన గుచ్చి నీళ్ళు తాగడానికి పోయాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి అమ్మ పక్కన కూర్చున్నాను. ఇప్పుడు తెర మీదా అమ్మ అన్నం తింటోంది, పక్కనా తింటోంది. వేళ కూడా అదే. తెర మీద స్తంభాల నీడలు గద్దెకు వరసగా, దాదాపు సూటిగా అమ్మ వైపు వస్తున్నాయి.

నేల మీద గడ్డపార నీడ అటు రావడం లేదు. ఐమూలగా, రోడ్డు వైపు పోతోంది.

గడియారం చూసుకున్నాను. తెర మీది వేళ చూశాను. నెల చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేచి గడ్డపార దగ్గరికి వెళ్ళాను. నా నీడ కూడా దాని నీడతోపాటే రోడ్డు వైపు పడింది. అప్పుడు అర్థమైంది. ఫోనులో దిక్సూచి తెరిచి గట్టు మీద పెట్టాను. మా తూర్పు గట్టు తూర్పున లేదు. ఈశాన్యంలో ఉంది.

పుట్టినప్పటి నుంచి ఇంట్లో అందరూ తూర్పు అంటే తూర్పనే అనుకున్నాను. దాన్నే తెర మీద తూర్పుగా పెట్టి, ఉత్తరం చూపే పచ్చగీతను బాయి గట్టు వైపు పోనిచ్చాను. దిక్కు మనం చెప్పకపోతే అది తన లెక్కే వేసుకుంటుందని అన్న మొదటిరోజే చెప్పాడు. మామూలు ఇల్లయితే ముందే చోటు దగ్గర దిక్సూచి పెట్టి చూసుకునేదాన్ని. ఇక్కడ నేను చూసింది అమ్మనొక్కదాన్నే. అమ్మ బొమ్మ ఎటు తిప్పినా నావైపే తిరిగింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు చిన్నబాపు.

చెప్పాను. అరుగు ఇక్కడ కడితే అమ్మకు ఎండే ఉంటుందన్నాను. నీడ రోడ్డు వైపు గట్టు మీద పడుతుందన్నాను. ఇది ఈశాన్యం అన్నాను.

నీళ్ళు తాగి వస్తున్న మేస్త్రి ఆ చివరి మాట విన్నాడు. "ఈశాన్యమా? ఇంకేంది మరి. వాస్తు మంచిగ కుదిరింది."

చిన్నబాపు నవ్వలేదు. ఆయన బాపును పూడ్చిన మట్టి వైపు చూస్తున్నాడు. ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నాకు ఆలస్యంగా తట్టింది. మాలో తల దక్షిణానికి పెట్టి పూడుస్తారు. ఆ రోజు గుంత తీయించింది, గట్టును బట్టి దిక్కు చూపించింది ఆయనే.

"అంటె," అన్నాడు. "అంటె మా అన్న తల దక్షిణానికి లేదా?"

నోరు జారానని తెలిసింది. కొంచెం ఇటుగా ఉంటుందని అనబోయాను. ఎంత ఇటుగానో దిక్సూచిలో చూశాను కాబట్టి ఆ మాట రాలేదు.

అమ్మ డబ్బా మూత పెట్టింది. "మరిదీ, గిటు సూడు."

ఆయన చూడలేదు.

"మీ అన్న దీన్ని ఏమనెటోడు?"

"తూర్పు గట్టు."

"మీ నాయిన ఏమనెటోడు?"

"తూర్పు గట్టే."

"ఆయన బతికినన్ని దినాలు గిదే తూర్పు. నువ్వు ఆయనకు తెల్సిన దిక్కులనే పండవెట్టినవు. ఆయనకు తెల్వని దిక్కు ఇప్పుడు మనమేడికెల్లి తెస్తం?"

చిన్నబాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. పత్తి ఏరుతున్నవాళ్ళ మాటలు దూరం నుంచి వినిపిస్తున్నాయి. కాసేపటికి ఆయన లేచి గుంటల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"స్తంభాలు గిట్లనే ఉండనీ. అన్నకు సూటిగ. అరుగు ఏడికి జరపాలె?"

గడ్డపార నీడ చూపించాను. "ఆ గట్టు మీదికి."

"రోడ్డు మీదికా? వచ్చెటోళ్ళు పొయ్యెటోళ్ళు సూస్తరు బిడ్డా. ఆడమనిషి ఆడ కూసొని బువ్వ తింటుంటె..."

"సూడనీ," అంది అమ్మ. "నీడ ఆడుంటె నేనేడ కూసోవాలె?"

మేస్త్రి పాత ముగ్గును కాలితో చెరిపి, గట్టు మీద కొత్తది గీశాడు. గద్దెతో ఏ వరసా కుదరకుండా, స్లాబుకు కొంచెం ఎడంగా, విడిగా ఉంది అది. ఆఫీసులో అలాంటిది గీస్తే సార్ కొట్టేస్తారు.

సోమవారం జనగామలో ఫైలును సరిచేశాను. సరిచేయడానికి రెండు దారులున్నాయి. గట్టును, గద్దెను, స్తంభాలను అన్నింటినీ కలిపి తిప్పి అసలు దిక్కుకు పెట్టవచ్చు. లేదా వాటిని ఉన్నచోటే ఉంచి, ఉత్తరాన్ని మాత్రం పక్కకు తిప్పవచ్చు. బాపును కదపాలనిపించలేదు. ఉత్తరాన్ని తిప్పాను. నీడ గట్టు మీదికి పోయింది. అమ్మను అక్కడికి జరిపాను.

సంవత్సరీకానికి ముందే పని అయిపోయింది. సింహాలు లేవు, కలశం లేదు. చిన్నబాపు పట్టుబట్టి ఫోటో పెట్టించాడు. కోటు ఫోటో వద్దని నేను కూడా పట్టుబట్టాను. భూపాలపల్లి క్వార్టరు ముందు సైకిలు పట్టుకుని నిలబడ్డ ఫోటో ఒకటి దొరికింది. ఎండకు కళ్ళు చిట్లించి ఉన్నాడు. దాన్నే పెట్టారు.

సంవత్సరీకం అయిన మరుసటి రోజు ఆఫీసుకు వచ్చాను. అప్పటికి చేనులో చివరి ఏరుడు మిగిలి ఉంది. మధ్యాహ్నం అన్న భోజనానికి వెళ్ళాడు. కింద దుకాణంలో బట్టలు పరుస్తున్నారు. ఫైలు తెరిచి ఆనాటి తేదీ, వేళ పెట్టాను. తెర మీద నీడ అమ్మను పూర్తిగా కప్పి ఉంది. అమ్మకు ఫోన్ చేశాను.

"తింటున్నవా?"

"ఇంకా లేదు."

"నీడ రాలేదా?"

"వస్తున్నది. భుజం దాక వచ్చింది. గీ పక్క ఇంకా జర ఎండున్నది."

మేస్త్రి అరుగును ఎంతో కొంత అటో ఇటో కట్టి ఉంటాడు. లేదా నేను పెట్టిన కొలతలో తేడా ఉండి ఉంటుంది. తెర మీద వేళను కొంచెం ముందుకు జరిపి చూశాను.

"మరి జర నీడలకు జరుగు."

"ఎందుకు? అదే వస్తది. వచ్చినంక తింట." తరువాత నన్నడిగింది. "నువ్వు తిన్నవా?"

"లేదు."

"ఎవరున్నరు ఆడ?"

"ఎవరు లేరు. తిననీకె పోయిన్రు."

"అయితె జర ఆగు."

ఫోన్ పెట్టలేదు. రోడ్డు మీద ఆటో పోయిన చప్పుడు, దాని వెనక ఇంకొకటి పోయిన చప్పుడు ఫోనులో వినిపించాయి. డబ్బా తీసి ముందు పెట్టుకుని, మూత తీయకుండా కూర్చున్నాను.

"వచ్చింది," అంది అమ్మ. "తిను."